నీళ్ళ కోసం వెళ్ళిన నర్సు: లూయిసా మే ఆల్కాట్ 'హాస్పిటల్ స్కెచెస్'లో పనీ శోకమూ

తెలుగు స్మృతికావ్యంలో శోకించే అధికారం బంధుత్వం నుంచి వస్తుంది. భార్యను పోగొట్టుకున్న భర్తగా విశ్వనాథ సత్యనారాయణ 'వరలక్ష్మీ త్రిశతి' రాశారు. ఆ శోకానికి అర్హత ఏమిటని ఏ పాఠకుడూ అడగడు. జాషువ 'శ్మశానవాటి'లో మృతులు కవికి అపరిచితులు. కాని అక్కడ కవికీ మృతులకూ మధ్య మట్టి ఉంది, కాలం ఉంది. ఆ పద్యాలు హరిశ్చంద్ర నాటక ప్రదర్శనల్లోకి చేరి కాటికాపరి నోట వినిపించడం యాదృచ్ఛికం కాదు. చావుతో పని ఉన్నవాడు, ఆ పనికి కూలి అడగవలసినవాడు హరిశ్చంద్రుడు. అయితే ఆ కథలో కూడా పనీ శోకమూ ఢీకొనేది కాటికి వచ్చిన శవం సొంత కొడుకుది అయినప్పుడే. అంతకుముందు అతడు కాల్చిన పరాయి శవాల గురించి కథకు పట్టదు. ప్రదర్శకులు జాషువ పద్యాలను చేర్చుకున్నది బహుశా ఆ ఖాళీని గుర్తించే.

మృతుడి బంధువులకు మన ఆచారం మైల అనే గడువు ఇచ్చింది. దాని వెనుకనున్న శుచి, అశుచి భావనలు విమర్శకు అతీతమైనవి కావు. కాని దానికి మరొక ప్రయోజనం కూడా ఉంది: దుఃఖంలో ఉన్నవారిని పది, పదకొండు రోజుల పాటు నిత్యవ్యవహారం నుంచి తప్పిస్తుంది. ఆసుపత్రి వార్డులో మొదటిసారి రోగి మరణాన్ని చూసిన నర్సింగ్ విద్యార్థినికి అటువంటి గడువు లేదు. ఆమె మృతుడికి ఏమీ కాదు. తెలుగునాట రోగులు ఆమెను 'సిస్టర్' అనీ 'నర్సమ్మ' అనీ పిలుస్తారు. ఆ వరస పిలుపు వరకే, మైల దాకా రాదు. ఏమీ కాని మనిషి కోసం కలిగే శోకాన్ని సాహిత్యం ఏ రూపంలో చెప్పగలదు అన్న ప్రశ్నతో లూయిసా మే ఆల్కాట్ రచన 'హాస్పిటల్ స్కెచెస్'ను చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

'లిటిల్ విమెన్' (1868) రచయిత్రిగా తరువాత ప్రసిద్ధురాలైన ఆల్కాట్, ముప్ఫయ్యేళ్ళు నిండిన కొద్ది రోజులకే, 1862 డిసెంబరులో అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యపు ఆసుపత్రిలో నర్సుగా చేరింది. వాషింగ్టన్‌ను ఆనుకొని ఉన్న జార్జిటౌన్‌లో ఒక హోటలును మార్చి ఏర్పరచిన ఆసుపత్రి అది. లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పాఠశాల 1860లోనే మొదలైనా, అమెరికాలో ఆ పద్ధతి శిక్షణాలయాలు 1873లో గాని రాలేదు. కనుక ఆల్కాట్‌ను విద్యార్థిని అనడానికి పట్టా, పాఠ్యప్రణాళిక వంటివేవీ లేవు; వార్డే ఆమెకు బడి. చేరిన కొన్ని రోజులకే ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధంలో గాయపడినవారు బండ్ల మీద వచ్చారు. ఆరు వారాలైనా నిండకముందే ఆమె టైఫాయిడ్ న్యుమోనియాతో మంచం పట్టి, 1863 జనవరిలో ఇల్లు చేరింది. ఇంటికి రాసిన ఉత్తరాలను తిరగరాసి ఆ సంవత్సరమే బోస్టన్ 'కామన్‌వెల్త్' పత్రికలో ప్రచురించింది. వెంటనే జేమ్స్ రెడ్‌పాత్ వాటిని పుస్తకంగా తెచ్చాడు. కథకురాలి పేరు ట్రిబ్యులేషన్ పెరివింకిల్: మొదటి పేరుకు ఇడుము అని అర్థం, రెండోది ఒక పూలతీగ పేరు. ఆసుపత్రికి పెట్టిన పేరు 'హర్లీబర్లీ హౌస్', అంటే గందరగోళపు ఇల్లు.

ఈ పేర్లే ఆమెకు కొంత నింద తెచ్చాయి. చావులున్న చోట చమత్కారమేమిటని కొందరు పాఠకులు ఆక్షేపించారు. తరువాతి ముద్రణలో ఆల్కాట్ దానికి సమాధానం చెప్పుకుంది: ఇంటివారికి ఉల్లాసంగా రాయాలన్న కోరిక ఒక కారణమనీ, అటువంటి జీవితంలో నవ్వూ ఏడుపూ ఎంత పదునుగా పక్కపక్కనే ఉంటాయో చూడనివారికి ఇది తేలికతనంగా తోస్తుందనీ దాని సారాంశం. ఈ సమాధానాన్ని రచయిత్రి వినయంగా తీసుకొని వదిలేయడం కంటే, అందులోని సాహిత్య సమస్యను పట్టించుకోవడం మేలు. మన ఆలంకారికులకు ఈ సమస్య బాగా తెలుసు.

హాస్యకరుణాలు పరస్పర విరోధి రసాలని సాహిత్యదర్పణకారుడు చెప్పాడు. విరోధం ఉంటే ఏం చేయాలన్నది అంతకంటె ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో చర్చించాడు. ఒకే ఆశ్రయంలో ఇమడని రసాలను వేర్వేరు ఆశ్రయాల్లో నిలపవచ్చు. వెనువెంటనే రావడం వల్ల విరోధించే రసాల మధ్య మరొక రసాన్ని అడ్డుగా నిలపవచ్చు. నాగానందంలో శాంతశృంగారాల నడుమ అద్భుతం నిలిచినట్టు. కావ్యనిర్మాణం కోసం చెప్పిన ఈ ఉపాయాలు ఆల్కాట్ వార్డుకు ఆశ్చర్యకరంగా అన్వయిస్తాయి.

రాత్రి విధులను వర్ణించే 'ఎ నైట్' అధ్యాయం మొదట్లో పెరివింకిల్ తన వార్డును మూడు గదులుగా విభజించుకున్నానని చెబుతుంది. ఒకటి విధి గది, రెండోది వినోదం గది, మూడోది దుఃఖపు గది. మొదటిదానికి కట్లు, పట్టీలు, పిన్నులతో నిండిన పళ్ళెం పట్టుకొని వెళుతుంది. రెండోదానికి పుస్తకాలు, పూలు, ఆటవస్తువులు, కబుర్లు తీసుకెళుతుంది. మూడోదానికి టీ పాత్రలు, జోలపాటలు, ఓదార్పు, అప్పుడప్పుడు శవవస్త్రం. పైకి ఇది గాయాల తీవ్రతను బట్టి చేసిన ఏర్పాటు. రచనాపరంగా చూస్తే రసాలకు ఆశ్రయభేదం కల్పించడమే: హాస్యానికి ఒక గది, కరుణానికి మరొక గది, నడుమ గోడ.

కాని గోడలు దాటి తిరిగే మనిషి ఒక్కతే. రోగుల వైపు నుంచి చూస్తే ఆశ్రయాలు వేరు, నర్సు వైపు నుంచి చూస్తే ఒకటే. చేతిలోని వస్తువులు మార్చుకొని పది అడుగులు నడిస్తే రసం మారాలి. కనుక ఆశ్రయభేదం ఆమెకు సగమే పనిచేస్తుంది. మిగిలింది రెండో ఉపాయం. విరోధి రసాల మధ్య ఆమె దేన్ని అడ్డు పెట్టింది? ఆ ప్రశ్నకు మూడు గదుల పేర్లలో మొదటిదే జవాబు. విధి గది ఏ రసానికీ చెందదు. పళ్ళెంలోని పట్టీకి స్థాయిభావం లేదు. ఈ పుస్తకంలో హాస్యానికీ కరుణానికీ మధ్య నిలిచేది మూడో రసం కాదు, పని.

దీన్ని అతి స్పష్టంగా చూపే ఘట్టం 'ఎ డే' అధ్యాయంలో ఉంది. క్షతగాత్రులు వచ్చిన రోజు. పెరివింకిల్‌కు తొలుత అప్పగించిన పని వాళ్ళ ఒళ్ళు కడగడం. బురద పట్టిన అపరిచిత పురుషులను కడగమనగానే ఆమె పడిన కంగారు, సబ్బు పట్టుకొని తెగించిన తీరు హాస్యంగా సాగుతాయి. తరువాత భోజనాలు. ఆహారం అందిస్తూ ఒక మంచం దగ్గర ఆగుతుంది. కడుపులో గుండు దిగిన ఆ సైనికుడు తనకిక తిండితో పని లేదని చెప్పి, తీరిక ఉంటే కాసిని మంచినీళ్ళు ఇమ్మంటాడు. ఆమె పరుగున వెళుతుంది. బకెట్లు నీళ్ళు నింపడానికి బయటికి వెళ్ళాయి. అవి రావడానికి కొంత సమయం పట్టింది. మొదటి మగ్గు నింపుకొని వచ్చేసరికి అతడు నిద్రపోతున్నట్టు ఉన్నాడు. పెదవుల దగ్గర చెవి పెట్టి వింటుంది. నుదురు తాకుతుంది. దుప్పటి కప్పుతుంది. అరగంటలో ఆ మంచం ఖాళీ అవుతుంది.

ఇక్కడ ఆలంబనమైన వ్యక్తికి పేరు లేదు, ఊరు లేదు, ముఖవర్ణన కూడా అలసిన తెల్లదనం మేరకే. అతడి మాటల్లో ఒకటి మాత్రం మరచిపోలేం: ఆమెకు తీరిక ఉంటేనే అన్న మన్నన. ప్రాణం పోతున్నవాడు నర్సు పని ఒత్తిడిని లెక్కలోకి తీసుకున్నాడు. ఆమె ఆలస్యానికి కారణం నిర్లక్ష్యం కాదు, ఖాళీ బకెట్లు. అయినా ఆ ఆలస్యం ఆమెదే అవుతుంది. చేయని తప్పుకు బాధ్యత మోయడం ఈ వృత్తిలో కొత్తగా చేరినవారి మొదటి అనుభవాల్లో ఒకటి. దాన్ని ఆల్కాట్ ఒక్క వాక్యంలోనైనా వ్యాఖ్యానించకుండా, కేవలం నీళ్ళు ఎంత సేపటికి వచ్చాయో చెప్పి ఊరుకుంది.

ఆ వెంటనే ఆమెలో కలిగేది ఏడుపు కాదు, కోపం. ప్రాణం విలువపై, మృత్యువు పవిత్రతపై ఈ అశ్రద్ధ ఏమిటని క్షణకాలం మండిపడుతుంది. రౌద్రం నుంచి కరుణం పుడుతుందని భరతుడు చెప్పాడు. ఇక్కడ క్రమం తిరగబడి, శోకమే క్రోధంగా మారింది. శోకించే హక్కు లేని చోట శోకానికి దొరికే రూపం బహుశా క్రోధమే. ఆ కోపం ఎవరి మీద నిలవాలో తెలియక, తుది పిలుపు రోజున ఈ పేరులేని మనుషులు గొప్ప సమాధులున్నవారి కంటే పైస్థానం పొందుతారన్న మతవిశ్వాసంలో సర్దుకుంటుంది. ఈ ఓదార్పు తొందరగా వచ్చిందనక తప్పదు. అది పెరివింకిల్ సంపాదించుకున్నది కాదు, ఆమె పెరిగిన న్యూ ఇంగ్లండ్ సమాజం చేతికిచ్చినది. కాని ఆల్కాట్ అక్కడ ఆగలేదు. తరువాతి వాక్యంలోనే శస్త్రవైద్యులు రౌండ్లు మొదలుపెడతారు, పెరివింకిల్ గాయాలకు కట్టు కట్టడంలో తన మొదటి పాఠం నేర్చుకుంటుంది. రచయిత్రి 'పాఠం' అన్న మాటే వాడింది. విద్యార్థినిగా ఆమె మొదలైనది ఖాళీ అయిన మంచం పక్కన. మరణానికీ పాఠానికీ మధ్య అరగంట కూడా కథనంలో లేదు.

క్రౌంచవధ ప్రసంగంలో అభినవగుప్తుడు చేసిన సూచన ఇక్కడ గుర్తుకు రావడం సహజం. శ్లోకమైన ఆ శోకం ముని సొంత దుఃఖం కాదని అతడి వాదం. సొంత దుఃఖంలో మునిగినవాడి నుంచి రసం రాదు. నర్సుకూ ఇది వర్తిస్తుందనిపిస్తుంది: ఏడుస్తూ కూర్చుంటే కట్టు కట్టలేదు. కాని పోలిక కొంత దూరమే వస్తుంది. వాల్మీకి చెట్టుకింద నిలబడి చూశాడు. నర్సు పక్షి పక్కనే ఉంది. అంతకు ముందే అది ఆమెను నీళ్ళడిగింది. సాధారణీకరణానికి అవసరమైన దూరం ఆమెకు లేదు. ఉన్నది చేతిలో పని మాత్రమే.

ఈ పుస్తకం గురించిన ప్రస్తావనల్లో నీళ్ళడిగిన సైనికుడు తరచుగా కనిపించడు. అందరికీ గుర్తుండేది జాన్ మరణం. వర్జీనియాకు చెందిన కమ్మరి, ముప్ఫైకి అటూ ఇటూగా వయసు, ఊపిరితిత్తి గుండా దూసుకుపోయిన గుండు. అతడు ధీరోదాత్తుడిలా కనిపించడం వల్ల తన సేవ అక్కర లేదనుకున్నానని పెరివింకిల్ ఒప్పుకుంటుంది. కట్టు మార్చే సమయంలో అతడి కళ్ళ నుంచి చప్పుడు లేకుండా నీళ్ళు జారడం చూశాక గాని దగ్గరికి వెళ్ళదు. ఈ ఆలస్యం బకెట్ల వల్ల జరిగింది కాదు. ఇది నిజంగా ఆమెదే. దాన్ని దాచకపోవడం ఆల్కాట్ నిజాయితీ.

జాన్ బతకడని వైద్యుడికి తెలుసు. ఆ సంగతి రోగికి చెప్పే పని మాత్రం నర్సుకు వదిలేస్తాడు. ఇటువంటివి ఆడవాళ్ళు సుకరంగా చెప్పగలరని అతడి సమర్థన. ఒక శతాబ్దం తరువాత, 1965లో, గ్లేజర్, స్ట్రాస్ అనే సామాజికశాస్త్రవేత్తలు ఆసుపత్రుల్లో మరణం గురించి ఎవరికి ఎంత తెలుసు, ఎవరు ఎవరి దగ్గర దాస్తారు అన్నదాన్ని వర్గీకరించారు: రోగికి తెలియని స్థితి, అనుమానించే స్థితి, ఇద్దరూ తెలిసీ నటించే స్థితి, ఇద్దరూ దాపరికం లేకుండా ఉండే స్థితి. జాన్ ఘట్టం మొదటి స్థితి నుంచి చివరి స్థితికి ఒక్క ప్రశ్నతో చేరుతుంది. తనకు ఇది మొదటి యుద్ధమనీ, ఇదే చివరిది కూడానని డాక్టర్లు అనుకుంటున్నారా అనీ జాన్ అడుగుతాడు. పెరివింకిల్ అబద్ధమాడదు. వైద్యుడు స్త్రీసహజమని తేల్చేసినది ఆమెకు తాను ఎదుర్కొన్న ప్రశ్నలన్నిటిలో కష్టమైనదిగా తోస్తుంది. బోధనావసరాల కోసం ఈ పుస్తకం నుంచి ఒక్క పుట ఎంచుకోవలసి వస్తే ఆ పుట ఇదే కావాలి.

మరణ సమయంలో జాన్ ఆమె చేయి పట్టుకొని ఉంటాడు. గాలి కావాలని ఒక్కసారి అరుస్తాడు. సహాయకుడు కిటికీ తెరవడం తప్ప అక్కడివారెవరూ చేయగలిగినది లేదు. ప్రాణం పోయాక కూడా ఆ పట్టు వదలదు. చనిపోయినవారి చేయీ బతికినవారి చేయీ అంతసేపు కలిసి ఉండడం మంచిది కాదంటూ ఒక సహాయకుడు విడదీస్తాడు. ఆమె చేతి వెనుక నాలుగు తెల్లని గుర్తులు మిగులుతాయి. సాత్త్విక భావాల్లో వైవర్ణ్యం ఒకటి. అంతర్గతమైన భావం శరీరం మీద రంగు మార్పుగా తేలడం దాని లక్షణం. ఇక్కడ ఆ రంగు మార్పు లోపలి నుంచి రాలేదు. అవతలి మనిషి వేళ్ళు బయటి నుంచి అద్దాయి. కన్నీళ్ళ వర్ణన కంటే ఈ గుర్తులు బలమైనవి. శోకానికి ఆమె అర్హురాలా అన్న ప్రశ్నకు ఎవరి అనుమతీ అడగకుండా శరీరమే సాక్ష్యం పలికింది.

అయినా ఈ ఘట్టాన్ని నీళ్ళ ఘట్టం కంటే మిన్నగా ఎంచడం కష్టం. జాన్‌ను రచయిత్రి అందగాడిగా, సత్పురుషుడిగా, తల్లిని పోషించే కొడుకుగా తీర్చిదిద్దింది. తాను అతడి తల్లికో భార్యకో సోదరికో బదులు నిలిచినట్టు చెప్పుకుంది. ఇంటి నుంచి అతడికి వచ్చిన ఉత్తరం గంట ఆలస్యంగా చేరితే దాన్ని శవం చేతిలో పెట్టి, తల్లి తరఫున ముద్దు పెట్టింది. అంటే ఆల్కాట్ కూడా చివరికి శోకించే అధికారాన్ని బంధుత్వం దగ్గరే అరువు తెచ్చుకుంది. హరిశ్చంద్ర కథకు కొడుకు శవం అవసరమైనట్టే ఆమెకు ఒక వరస అవసరమైంది. ఆ అరువు అందరు రోగులకూ దొరకలేదు కూడా. 'ఎ డే'లో దక్షిణాది సైనికుడు ఎదురైనప్పుడు అతడి కళ్ళలో సబ్బు పెట్టాలనుకున్నట్టు ఆమె చమత్కరిస్తుంది. అక్కడ హాస్యం ఓదార్పు కాదు, కరుణకు వేసిన హద్దు. నీళ్ళడిగినవాడి విషయంలో మాత్రం వరస లేదు, అందం లేదు, సుగుణాల జాబితా లేదు. ఏమీ కానివాడి చావు ఏమీ కానివాడి చావుగానే ఉండి బాధిస్తుంది. పుస్తకంలో దానికి దక్కిన స్థలం చిన్నదే కావచ్చు, సాధించినది పెద్దది.

పనిని అడ్డుగా నిలపడం ఎంతవరకు మేలు చేస్తుందన్న ప్రశ్న మిగిలి ఉంది. దానికి సాహిత్యం వెలుపల ఒక గట్టి ఆధారం ఉంది. లండన్‌లోని ఒక బోధనాసుపత్రి నర్సింగ్ సేవలపై ఇసబెల్ మెంజీస్ చేసిన అధ్యయనం 1960లో వెలువడింది. అక్కడి సుమారు 700 మంది నర్సింగ్ సిబ్బందిలో పూర్తి శిక్షణ పొందినవారు 150 మంది, మిగిలినవారంతా విద్యార్థినులే. రోగుల బాధ, మరణం కలిగించే ఆందోళన నుంచి వారిని కాపాడడానికి ఆసుపత్రి తెలియకుండానే ఒక వ్యవస్థను నిర్మించుకుందని ఆమె గమనించింది. ఒక రోగికి ఒక నర్సు అని కాకుండా పనిని ముక్కలు చేసి పంచడం, రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో జబ్బుపడ్డ అవయవంతోనో ప్రస్తావించడం, విద్యార్థినులను తరచుగా వార్డులు మార్చడం, ప్రతి చిన్న నిర్ణయానికీ తనిఖీ మీద తనిఖీ పెట్టడం అందులో భాగాలు. వీటివల్ల ఆందోళన తగ్గలేదు. పనిలో తృప్తి తగ్గింది. దాదాపు మూడోవంతు విద్యార్థినులు శిక్షణ పూర్తిచేయకుండా వెళ్ళిపోయేవారు, వారిలో సమర్థులూ ఉండేవారు.

మెంజీస్ వర్ణించిన పనీ పెరివింకిల్ చేసిన పనీ ఒకటి కావు. ఒకటి రోగిని కనిపించకుండా చేసే పని. రెండోది రోగి దగ్గరికి తీసుకెళ్ళే పని. నీళ్ళు తేవడం, చేయి పట్టుకోవడం, ఉత్తరం రాసిపెట్టడం రెండో కోవకు చెందుతాయి. ఆల్కాట్ చేరిన ఆసుపత్రిలో వ్యవస్థ అంటూ గట్టిపడనందువల్లనే ఆమెకు ఈ రెండోది దక్కింది. అదే వ్యవస్థ లేనందువల్ల బకెట్లు వేళకు రాలేదు, నర్సులే జ్వరాల పాలయ్యారు. ఈ వైరుధ్యాన్ని పక్కనపెట్టి పాత ఆసుపత్రుల ఆత్మీయతను కీర్తించడం సరికాదు. 1967లో జీన్ క్వింట్ అమెరికన్ విద్యార్థినులపై చేసిన అధ్యయనం మరొక కోణం చూపింది: ప్రాణం నిలిపే నైపుణ్యాలకు పాఠ్యక్రమంలో ఉన్న చోటు, ప్రాణం పోతున్న మనిషి పక్కన ఎలా ఉండాలన్నదానికి లేదు. విద్యార్థిని మొదటి మరణాన్ని ఎదుర్కోవడం చాలావరకు ఏ డ్యూటీ పడిందన్న యాదృచ్ఛికత మీద ఆధారపడేది. పెరివింకిల్ నాటికీ ఆనాటికీ ఆ విషయంలో వచ్చిన మార్పు స్వల్పం.

1970 ఫిబ్రవరిలో 'అమెరికన్ జర్నల్ ఆఫ్ నర్సింగ్' పేరు లేకుండా ఒక చిన్న రచనను ప్రచురించింది. రాసినది నర్సింగ్ విద్యార్థిని, మరణిస్తున్నది కూడా ఆమే. తన గదికి వచ్చే నర్సులు మందు ఇచ్చి, రక్తపోటు చూసి వెళ్ళిపోతున్నారని ఆమె రాసింది. తానూ విద్యార్థినే కనుక వాళ్ళ భయం తనకు అర్థమవుతుంది, ఆ భయం తన భయాన్ని పెంచుతుంది కూడా. జవాబులు అక్కర లేదు, పారిపోకుండా కాసేపు ఉండమని ఆమె అడిగింది. పని అడ్డుగా నిలిచినప్పుడు అవతలి వైపు నుంచి అది ఎలా కనిపిస్తుందో చెప్పగలిగిన రచన ఇది. రక్తపోటు చూసే పరికరం కూడా పెరివింకిల్ పళ్ళెం వంటిదే. దాన్ని తెచ్చిన మనిషి నిలబడిందా, వెళ్ళిపోయిందా అన్నది వేరే సంగతి.

ఆల్కాట్‌కు కూడా మంచం అవతలి వైపు చూసే అవకాశం వచ్చింది. 'ఆఫ్ డ్యూటీ' అధ్యాయంలో పెరివింకిల్ జబ్బుపడి పైగదిలో పడుకొని, కిటికీ నుంచి ఆసుపత్రి వీధిని చూస్తూ, తన వార్డు కోసం ఆరాటపడుతూ కనిపిస్తుంది. తోటి నర్సులు వంతులవారీగా వచ్చి చూసుకుంటారు. ఒకనాడు తండ్రి వచ్చి ఇంటికి రమ్మంటాడు. ఆమె వెంటనే సరేనంటుంది. ఇంతకాలం ఇతరుల తల్లులకు బదులు నిలిచినామెకు ఇక్కడ సొంత బంధువు దొరికాడు. ఆసుపత్రి మొరటు బడి అని చెప్పి ఆమె సెలవు తీసుకుంటుంది. ఆ బడిలో మొదటి పాఠానికి ముందు మంచినీళ్ళడిగిన మనిషి ప్రస్తావన ఆ తరువాతి పుటల్లో మళ్ళీ రాదు.